సైకిలు హాండిలు ఎంత ఎత్తున ఉండవలెను?

గత సంవత్సరము ఒక ఆదివారము సాయంకాలమున మేము స్టూడియోలో ప్రసంగము చదువుచు నాలుగవ పుటను ప్రక్కకు తీయబోగా, కుడిచేతి చిటికెనవ్రేలును ఉంగరపువ్రేలును మా మాట వినలేదు. రేడియోలో చేరినవారు మొట్టమొదట నేర్చుకొను విద్య కాగితము చప్పుడు కాకుండ జరుపుట. ఇరువది సంవత్సరముల అభ్యాసము ఆ ఒక్క క్షణమున నిష్ఫలమై, పుట మైకు ముందు ఎండుటాకువలె గలగలలాడినది. ఇంటికి చేరగానే, "ఆ చప్పుడేమిటండీ, ప్రసంగము నడుమ పకోడీల పొట్లము విప్పినారా?" అని మా ఇల్లాలు అడిగినది.

వ్రేళ్ళ తిమ్మిరికి కారణమును వెదుకగా దోషము మైకుది కాదు, కాగితముది కాదు, ఆ ఉదయము మేము తొక్కివచ్చిన సైకిలుదని తేలినది. నలుబది దాటిన పిమ్మట ఆరోగ్యము కొరకని కొన్న పందెపు తరహా సైకిలది. సన్నని చక్రములు, పొట్టేలు కొమ్ములవలె క్రిందికి వంగిన హాండిలు. అంగడివారు సీటు ఎత్తును మాత్రము కంటితో చూచి సరిచేసి, డబ్బు పుచ్చుకొని పంపిరి. హాండిలు ఎత్తును గురించి వారు చెప్పలేదు, మేము అడుగలేదు. అరువది కిలోమీటర్లు తొక్కి, రెండు వ్రేళ్ళను ఎక్కడనో పారవేసికొని ఇల్లు చేరితిమి.

ఇట్టి సైకిళ్ళు మన నగరములలో ఇపుడు వింత కాదు. హైదరాబాదు బాహ్యవలయ మార్గము ప్రక్కన సౌరఫలకముల పైకప్పుతో సుమారు 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో ప్రారంభమైనది. ఒక్క రోజులో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలోపల పూర్తిచేయవలసిన బ్రెవే అను దూరయాత్రలలో పాల్గొనువారు మన పట్టణములలోను ఉన్నారు. వీరిలో పలువురు చిన్ననాట నాయన గారి నల్లని సైకిలు మీద, మొదట కడ్డీ సందున కాలు దూర్చియు, పిమ్మట సీటు నెక్కియు నేర్చినవారే. ఆ సైకిలు హాండిలు సీటుకంటె ఎత్తుగా ఉండెడిది. తొక్కువాడు అరుగు మీద కూర్చున్నవానివలె నిటారుగా కూర్చుండి ఊరివారిని పలుకరించుచు పోయెడివాడు. అట్టివారు నలుబదవ ఏట హాండిలు సీటుకంటె జానెడు దిగువన ఉన్న సైకిలు నెక్కినచో శరీరము ఎదురు తిరుగుట సహజము.

హాండిలును అంత దిగువన ఎందుకు పెట్టిరి? గాలి కొరకు. గాలి ఎదురొత్తు వేగముయొక్క వర్గము ననుసరించి పెరుగును. దానిని జయించుటకు కావలసిన సామర్థ్యము ఘనము ననుసరించి పెరుగును. గంటకు 15 కిలోమీటర్ల వేగమును 30కి పెంచినచో ఎదురొత్తు నాలుగింతలగును; దానికై కాళ్ళు ఇయ్యవలసిన సామర్థ్యము ఎనిమిదింతలగును. సమతలమైన బాట మీద 30 కిలోమీటర్ల వేగమున పోవువాని శక్తిలో అత్యధిక భాగము గాలికే సమర్పణమగును. ఆ గాలి కడ్డుపడునది ముఖ్యముగా సైకిలు కాదు, తొక్కువాని దేహము. కనుక దేహమును వంచి గాలికి చాటు చేయుట పందెగాండ్ర మార్గము.

ఈ మార్గమున ఎంత దూరము పోవచ్చునో స్కాట్లండు దేశస్థుడైన గ్రేమ్ ఓబ్రీ చూపెను. తాను స్వయముగా నిర్మించుకొన్న సైకిలులో బట్టలుతుకు యంత్రమునుండి తీసిన బేరింగులను అమర్చి, చేతులను రొమ్ము క్రిందికి ముడుచుకొని, 1993లో నార్వేలోని హామర్ నగరమున ఒక గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. మరుసటి సంవత్సరమే అంతర్జాతీయ సైకిలు సమాఖ్య ఆ భంగిమను నిషేధించినది. ఆ మనుష్యుని పట్టుదలను మేమెంతయు మెచ్చుకొందుము. కాని అతడు ఆ భంగిమలో ఉండవలసినది ఒక గంట మాత్రమే. నున్నని వలయపు బాట. ఎదురుగా ఎద్దులబండి రాదు. మనము తొక్కునది నాలుగు గంటలు. మన ముందు గుంటలున్నవి, కుక్కలున్నవి, హఠాత్తుగా తలుపు తెరచు కారులున్నవి. గంటకు పదునెనిమిది, ఇరువది కిలోమీటర్ల వేగమున పోవువాడు హాండిలును నాలుగంగుళములు దించినందున పొందు లాభము స్వల్పము. మెడ చెల్లించు మూల్యము అధికము.

సైకిలు మీది దేహమును ఒక వంతెనగా భావింపవచ్చును. దానికి మూడు ఆధారములు: సీటు, పెడళ్ళు, హాండిలు. పందెగాడు కాళ్ళతో బలముగా అదుముచున్నంత సేపు ఆ అదుము అతని మొండెమును కొంత పైకి ఎత్తి పట్టును. చేతుల మీద భారము తగ్గును. అదే భంగిమలో మనబోటివారు మెల్లగా తొక్కుదుము. కాళ్ళు మోయవలసిన భాగము చేతుల మీద పడును. ఈ రహస్యము తెలియక, "పందెగాండ్రకు లేని నొప్పి మనకేల?" అని మేమును కొన్నాళ్ళు చింతించితిమి. వారి హాండిలు దిగువన ఉండుట వారి వేగముతో కూడిన ఏర్పాటు. వేగము లేనివాడు ఆ ఏర్పాటును అరువు తెచ్చుకొనిన ఫలితము అరచేతులలో కనబడును.

నొప్పి ఎక్కడ పుట్టినదో గమనించినచో కారణము కొంతవరకు తెలియును. చిటికెనవ్రేలును, ఉంగరపువ్రేలును తిమ్మిరెక్కినచో అరచేతి మడమకడ, చిటికెనవ్రేలి వైపున పోవు నరము నలుగుచున్నదని అర్థము. మోచేతికి దెబ్బ తగిలినపుడు జివ్వుమను నరమిదియే. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మొద్దుబారినచో మణికట్టు నడుమనుండి పోవు వేరొక నరము నొత్తుకొనుచున్నది. మెడ వెనుక నొప్పి పుట్టుటకు మూలము, వంగిన వీపుతో బాటను చూచుటకై తలను గంటల తరబడి పైకెత్తి యుంచుట. నడుము నొప్పికి తొడల వెనుకటి కండరములు బిగిసియుండుటయు కారణము కావచ్చును. కార్యాలయమున రోజంతయు కుర్చీలో కూర్చుండువారికి ఇది తరచు. సైకిలు దిగిన తరువాత కొద్దిసేపటిలో పోవు తిమ్మిరిని హెచ్చరికగా గ్రహింపవలెను. మరునాటికిని పోనిచో, గుండీ పెట్టుకొనుటకు గాని కలము పట్టుటకు గాని బలము చాలనిచో, హాండిలు సవరింపుతో కాలము గడపక వైద్యునికడకు పోవలెను. నరము చిరకాలము నలిగినచో చేతి కండరము సన్నగిల్లును. ఈ మాట మాకు వైద్యుడు చెప్పిన పిమ్మటనే మేము పానా చేతపట్టితిమి.

హాండిలును ముట్టుటకు ముందు సీటును చూడవలెను. ఇది మేము పొరపడి నేర్చుకొన్న పాఠము. సీటు ముక్కు క్రిందికి వాలియున్నచో దేహము ముందుకు జారును. జారకుండ ఆపుటకు చేతులు ఎల్లవేళల హాండిలును నెట్టుచుండవలసివచ్చును. అపుడు హాండిలును ఎంత పైకెత్తినను ప్రయోజనము లేదు. తాపీమేస్త్రీలు వాడు రసమట్టమును సీటు మీద నుంచి చూచినచో వాలు తెలియును. మా సీటు ముక్కు వ్రేలి మందమున వాలియుండెను. ఎత్తు విషయమున అందరికిని వీలైన పరీక్ష యొకటి కలదు: గోడ నానుకొని సీటు మీద కూర్చుండి, పెడలును అట్టడుగునకు దించి, దానిపై మడమ నుంచినపుడు కాలు సూటిగా సాగవలెను. తొక్కునపుడు పాదముయొక్క ముందుభాగము పెడలు మీద నుండును గనుక మోకాలు తగినంత వంగియుండును. సీటు మిక్కిలి ముందుకు జరిగియున్నను భారము చేతుల మీదికి వచ్చును. సీటు కుదిరిన పిమ్మట ఇక దానిని కదల్పరాదు.

ఇపుడు కొలత. సైకిలును సమతలమున నిలువుగా నిలిపి, నేలనుండి సీటు పైభాగమునకును, నేలనుండి హాండిలు అడ్డకడ్డీ పైభాగమునకును టేపుతో కొలిచి, రెంటికిని గల భేదమును కాగితము మీద వ్రాసికొనవలెను. పందెగాండ్ర సైకిళ్ళలో హాండిలు సీటుకంటె ఎనిమిది, పది సెంటీమీటర్లు, అంతకంటెను దిగువన నుండుట కద్దు. సుఖముగా దూరము పోగోరువారు హాండిలును సీటుతో సమానముగనో, రెండు మూడు సెంటీమీటర్లు దిగువగనో ఉంచుకొనుట మంచిది. ఎత్తు పొట్టి, చేతుల పొడవు, నడుము వంగు గుణము ఒక్కొక్కరికి ఒక్కొక్క రీతిగా నుండును గనుక ఈ అంకెలను ఆరంభస్థానముగా మాత్రమే గ్రహింపవలెను.

హాండిలును ముందు ఫోర్కునకు కలుపు అడ్డముక్కను స్టెమ్ అందురు. ఇది రెండు విధములు. పాత పద్ధతి సైకిళ్ళలో స్టెమ్ ఏడు అంకెవలె వంగి, దాని కాడ ఫోర్కు గొట్టములోనికి దిగియుండును. నాయన గారి నల్ల సైకిలులోను ఇదే ఏర్పాటు. పైన ఒక బోల్టు, అడుగున ఒక చీలవంటి ముక్క. బోల్టును బిగించినపుడు చీల గొట్టమునకు అదుముకొని పట్టును. ఎత్తు పెంచవలెనన్న బోల్టును రెండు మూడు చుట్లు వదులుచేసి, దాని తల మీద చెక్కముక్క నుంచి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టవలెను. బోల్టు క్రిందికి దిగి చీల విడును. పిమ్మట ముందు చక్రమును మోకాళ్ళ నడుమ పట్టి హాండిలును మెల్లగా అటునిటు త్రిప్పుచు పైకి లాగవలెను. తుప్పు పట్టినచో కదలదు; బలప్రయోగము చేయక నూనె పోసి ఒక రాత్రి వదలవలెను.

ఈ కాడ మీద ఒక గీత చెక్కబడియుండును. అది హద్దుగీత. ఆ గీత గొట్టము వెలుపల కనబడునంతగా స్టెమ్‌ను పైకి లాగరాదు. లాగినచో లోపల పట్టు చాలక కాడ విరుగుటయో గొట్టము చీలుటయో సంభవించును. వంతెన దిగునపుడు హాండిలు చేతిలోనికి ఊడివచ్చుట ఎట్టిదో వివరింపనక్కరలేదు. సెంటీమీటరు సుఖము కొరకు ఆ గీతను దాటవలదని మేము గట్టిగా చెప్పుచున్నాము. ఇంకను ఎత్తు కావలెనన్న పొడవైన కాడ గల స్టెమ్ కొనుటయే ఉపాయము.

1990 దశాబ్దపు తొలినాళ్ళనుండి వ్యాపించిన క్రొత్త పద్ధతి వేరు. ఇందు ఫోర్కు గొట్టమే పైకి పొడుచుకొని వచ్చును. స్టెమ్ దానిని వెలుపలనుండి పిడికిలివలె పట్టుకొనును. స్టెమ్ క్రిందను పైనను స్పేసర్లు అను ఉంగరములుండును. పైన నున్న ఉంగరములను తీసి క్రింద నుంచినచో హాండిలు అంత మేర పైకి వచ్చును. కాని పైన ఉంగరములు లేనిచో ఈ మార్గము మూసికొనినట్లే, ఏలయన గొట్టము అంతవరకే కోయబడినది. సైకిలు కొనువేళ, "గొట్టమును కోయవలదు, ఉంగరములను ఉంచుడు" అని అంగడివానిని కోరుట వివేకము. కోసినదానిని ఎవరును అతుకలేరు.

ఉంగరములు లేనివారికి స్టెమ్‌ను తలక్రిందులు చేయు మార్గమున్నది. పెక్కు స్టెమ్‌లు ఆరు డిగ్రీల కోణమున క్రిందికి వంగియుండును. తిరుగవేసినచో అదే కోణమున పైకి లేచును. ఫోర్కు గొట్టము 73 డిగ్రీల వాలున ఉన్నదనుకొని మేము లెక్క వేసితిమి: 100 మిల్లీమీటర్ల స్టెమ్‌ను తిరుగవేసినచో హాండిలు 20 మిల్లీమీటర్లు పైకెక్కి, 6 మిల్లీమీటర్లు మనవైపునకు జరుగును. అట్లే ఒక సెంటీమీటరు ఉంగరము చేర్చినపుడు గొట్టపు వాలు వలన హాండిలు దాదాపు 3 మిల్లీమీటర్లు వెనుకకు వచ్చును. ఎత్తును మార్చినపుడు దూరముకూడ మారునన్నమాట. పైసా ఖర్చు లేని ఈ తిరుగవేత మా సగము బాధను తీర్చినది.

పని చేయు క్రమము ముఖ్యము. మొదట పైమూత బోల్టును విప్పి మూతను తీయవలెను; పిమ్మట స్టెమ్ ప్రక్క బోల్టులను వదులుచేయవలెను. అపుడు ఫోర్కు జారిపడవచ్చును గనుక చక్రము నేలను ఆనియుండవలెను. ఉంగరములను మార్చి, స్టెమ్‌ను ఉంచిన పిమ్మట గొట్టపు అంచు పై ఉంగరముకంటె రెండు మూడు మిల్లీమీటర్లు లోతున ఉండునట్లు చూడవలెను; లేనిచో మూత గొట్టమునకు తగిలి బేరింగులను అదుమజాలదు. మూత బోల్టును మొదట మృదువుగా బిగించి, హాండిలును చక్రమునకు సూటిగా నిలిపి, కడపట ప్రక్క బోల్టులను ఒకదాని తరువాత ఒకటి కొంచెము కొంచెముగా బిగించవలెను. హాండిలు గట్టిదనము ప్రక్క బోల్టులది. మూత పని బేరింగులలోని వదులును తీయుట మాత్రమే. ఈ రెంటిని తారుమారు చేసి మూతను బలముగా బిగించువారు పెక్కుమంది.

బిగింపునకు పరిమితి స్టెమ్ మీదనే ముద్రింపబడియుండును. 5 న్యూటన్ మీటర్లు అనునది తరచు కనబడు అంకె. ఇరువది సెంటీమీటర్ల పానా చివర రెండున్నర కిలోల బరువు వ్రేలాడగట్టినంత బలమన్నమాట. మన మెకానిక్కులు అలవాటుగా వేయు బిగింపు దీనికంటె మిక్కిలి ఎక్కువ. ఇనుము దానిని సహించును. కార్బను గొట్టము సహింపదు. వెలుపలికి కనబడకయే లోపల చిట్లి ఒకనాడు చెప్పకుండ విరుగును. అట్టి సైకిలు గలవారు బలమును కొలుచు పానా వాడవలెను. స్టెమ్ క్రింద ఉంగరములు ఎంత ఎత్తువరకు ఉండవచ్చునో తయారీదారు పెట్టిన హద్దును చూడవలెను. తీగెలన్నియు స్టెమ్ లోపలినుండి పోవు సైకిళ్ళను ఇంట విప్పకుండుటయే మేలు.

బిగించిన పిమ్మట బాట నెక్కకముందు మూడు పరీక్షలు. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందునకు వెనుకకు ఊపుచు, ఫోర్కు చట్రముతో కలియు చోట వ్రేలు పెట్టి చూడవలెను. టకటకమని తగిలినచో బేరింగు వదులుగా ఉన్నది. ముందు చక్రమును ఎత్తి పట్టి హాండిలును వదలినచో అది స్వేచ్ఛగా ప్రక్కకు తిరుగవలెను, తడబడినచో బిగువెక్కువ. హాండిలును రెండు వైపులకు పూర్తిగా త్రిప్పినపుడు బ్రేకు తీగెలు లాగికొనిపోరాదు. హాండిలు రెండు మూడు సెంటీమీటర్లు లేచినపుడు తీగె చాలక, మలుపులో బ్రేకు తనంతట తానే పట్టుట కలదు.

ఎత్తుట మంచిదన్నారు గదా అని కడదాక ఎత్తువారికి ఒక మాట. మేము ఆ పనియు చేసితిమి. హాండిలు సీటుకంటె నాలుగు సెంటీమీటర్లు పైకి పోయినది. చేతులు సుఖపడినవి, భారమంతయు సీటు మీదికి చేరి కూర్చుండుట కష్టమైనది. గుంట వచ్చినపుడు దెబ్బ నేరుగా వెన్నునకు తగిలినది. ఎదురుగాలిలో మా రొమ్ము తెరచాప అయినది. ఎక్కుడు మీద ముందు చక్రము తేలికయై ఊగినది. అందుచే ఒక్కసారికి ఒక్క సెంటీమీటరు మాత్రమే మార్చి, వారము దినములు తొక్కి, తెలిసినదానిని వ్రాసికొని, పిమ్మట మరల మార్చుట సరియైన పద్ధతి. ఒకే దినమున సీటును, హాండిలును, చేతితొడుగులను మార్చినవానికి ఏది మేలు చేసినదో ఎన్నటికిని తెలియదు.

కొందరికి అసలు చిక్కు ఎత్తులో లేదు, దూరములో ఉన్నది. చేతులు కర్రలవలె సాగి మోచేతులు బిగిసియున్నచో హాండిలు దూరమైనది. పొట్టి స్టెమ్ వేసికొనవలెను. వంకర హాండిలు గల సైకిలులో చేతులు ఎక్కువ కాలము ఉండునది బ్రేకు పిడుల మీది ముంగొమ్ముల వద్ద. ఆ పిడులు క్రిందికి జారి అమర్చబడియున్నచో మణికట్టు వంగి నరము నలుగును. హాండిలును దాని పట్టులో కొంచెము వెనుకకు త్రిప్పి, పిడులను పైకి తెచ్చుట చాలామందికి చాలును. చట్రమే పెద్దదైనచో చేయగలిగినది లేదు. తమ్మునికి ఇచ్చి వేరొకటి చూచుకొనవలసినదే.

మా సైకిలు హాండిలు నేడు సీటుకంటె రెండు సెంటీమీటర్లు దిగువన ఉన్నది. గంట కొకసారి ఆగి వ్రేళ్ళను చాచుదుము. తొక్కుచు నుండగనే కొన్ని నిమిషముల కొకసారి చేతులను పైకడ్డీ మీదికి, పిడుల మీదికి మార్చుదుము. మొన్నటి ఆదివారము నలుబది కిలోమీటర్లు తొక్కివచ్చి సాయంకాలము పదునొకండు పుటల ప్రసంగము చదివితిమి. ఆ రాత్రి మా ఇల్లాలు పకోడీల మాట ఎత్తలేదు. తన సైకిలు సీటునుకూడ రసమట్టముతో చూడుమని మాత్రము అడిగినది.